అమావాస్య నాడు రష్ ఉండదు

పోయిన వారం పద్మలతను సుబేదారిలో బావగారి ఇంటి గేటు ముందర నిలబెట్టి వచ్చాం. లోపల ఆమె బావ రాజమౌళి, అంటే భర్త మధుకు సొంత అన్న, అందరినీ కూర్చోబెట్టి మీటింగ్ పెట్టాడు. పట్నం అవతల కొత్తగా తెరిచిన రంగులకోట అనే పార్కుకు కుటుంబమంతా కలిసి పోవాలట. ఏసీ బండి ఆయనదేనట, టికెట్లు ఆయనవేనట. తమ్ముడు ఇంటికి వస్తే "చాయ్ తాగుతవా" అనకుండా "తాగే వచ్చినట్టున్నవ్" అనే మనిషి, ఉన్నట్టుండి ఇంత దాత ఎట్లా అయ్యాడో పద్మలతకు అంతుపట్టలేదు. అంతుపట్టకపోయినా వచ్చింది. ఎందుకంటే ఇంట్లో బిడ్డ సారిక పొద్దున లేవగానే తలుపు చెక్కకు వీపు ఆనించి నిలబడుతోంది. "అమ్మా, పెద్ద జారుడుబండ ఎక్కాల్నంటె ఎత్తు చూస్తరట. సరిపోతనా?" అని అడుగుతోంది. నిన్నటి ఎత్తే ఇవాళ కూడా ఉంటుందని ఆ పిల్లకు చెప్పడానికి పద్మలతకు నోరు రాలేదు.

చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టేసరికి రాజమౌళి సోఫా మధ్యలో కూర్చుని మాట్లాడుతున్నాడు. ఊళ్లో ఉన్నన్నాళ్లు ఆయన మౌళిగాడు. ప్లాట్ల బేరంలోకి దిగాక మౌళన్న. సుబేదారిలో ఇల్లు కట్టాక మౌళి సార్. మనిషి ఎక్కడా మారలేదు, మారింది పిలిచేవాళ్ల అవసరం.

"రా పద్మా, రా. టైముకు రాకుంటె ఎట్ల? పార్కుకు పోయేటప్పుడు ఫస్ట్ టిప్పే అది. గేటు తెరవకముందే మనం గేటు కాడ ఉండాలె. లేటైతె లైన్లనే సగం దినం పాయె."

పద్మలత సరే అన్నట్టు తలూపి, ఓ పక్కన నిలబడింది. హన్మకొండలో ఒక ప్రైవేటు బడిలో ఆమె టీచరు. ఏటా పిల్లలను టూర్లకు తోలుకపోయేది ఆమే. వాంతులు చేసుకున్న పిల్లలకు మూతులు కడిగేది, బస్సు దిగేటప్పుడు తలలు లెక్కపెట్టేది ఆమే. రాజమౌళి జన్మలో ఏ పార్కు గేటూ దాటి ఎరుగడు. అయినా ఆయన చెప్పాలి, ఆమె వినాలి. డిగ్రీ చదివిన ఒకే ఒక్క కోడలికి ఆ ఇంట్లో దొరికిన మర్యాద అదే.

మధు మూలకు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. సోఫాలో జాగా ఉంది. అన్న కూర్చోమనలేదు కాబట్టి తమ్ముడు కూర్చోలేదు. ఆడబిడ్డ రమ పొద్దున్నే ములుగు నుంచి బస్సు దిగి వచ్చింది. చాప మీద కాళ్లు చాపుకొని, అన్న నోట్లో నుంచి మాట పూర్తిగా బయటికి రాకముందే తల ఊపుతోంది. రాజమౌళి భార్య సరస్వతి వంటింటి గుమ్మానికి ఆనుకొని గోళ్లు చూసుకుంటోంది.

"అత్తమ్మ ఏది?" అని అడిగింది పద్మలత.

"లోపలి అర్రల పండుకున్నది. నిన్ననే కారు వంపి ఊరి నుంచి తెప్పిచ్చిన. పయనానికి ముంగట పెద్దోళ్లకు రెస్టు ఉండాలె. అదిగూడ టిప్పే."

ఫోనులో ఎవరివో వీడియోలు చూసి నేర్చుకున్నట్టున్నాడు. ఒక్కొక్కటీ తానే కనిపెట్టినట్టు చెప్తున్నాడు.

"ఇగ బట్టలు. నీళ్లల్ల దిగాల్నంటె నైలాన్ బట్టలే. కాటన్ నడువది. చీరె అసలే నడువది."

రమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను దిగనన్నా. నాకు సిగ్గు. గడ్డ మీద కూసుంట."

"కూసుందానికి గంత దూరం ఎందుకే? మీ ములుగు బస్టాండ్ల కూసోరాదు?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా రమే నవ్వింది. అన్న తిట్టినా ఆమెకు అది ప్రసాదమే.

"తిండి ముచ్చట జర మంచిగ వినుండ్రి. ఇంటికెల్లి సద్ది కట్కొస్తమంటె గేటు కాన్నే గుంజుకుంటరు. మేడారం జాతర అనుకున్నరా, మూడు రాళ్లు వెట్టి కోడిని కోసుకుందానికి? బయటి తిండి ఒక్క ముద్ద లోపలికి పోదు. ఊగేటియి ఎక్కేముందు కడుపు నింపద్దు. ముందుగాల ఊగుడు, తర్వాత తినుడు, ఎండ వడ్డంక నీళ్లల్ల దిగుడు. గేటు పక్కనున్నదానికి అందరు ఎగబడ్తరు, మనం సీదా ఆఖరు దాని కాడికి పోయి ఎనుకకు రావాలె."

నిజం చెప్పాలంటే ఇందులో తప్పు ఒక్కటీ లేదు. పద్మలతను కలవరపెట్టింది కూడా అదే. ఈ మనిషి ఎప్పుడు నోరు తెరిచినా సగం అబద్ధం ఉంటుంది. రోడ్డు లేని ప్లాటుకు రోడ్డు వస్తుందంటాడు, నీళ్లు లేని బోరులో నీళ్లు చూపిస్తాడు. అలాంటివాడు వరసపెట్టి నిజాలు చెప్తుంటే ఎక్కడో ఏదో ఉందన్నట్టే.

"ఇగ ఫోన్లు," అన్నాడు రాజమౌళి. గొంతు కొద్దిగా మారింది. "గేటు దాటంగనే అందరి ఫోన్లు లాకర్ల వెట్టాలె. పొద్దుగూకేదాక ఎవ్వరు ముట్టద్దు."

"నా ఫోనుకు కవరున్నది బావా. మెడల ఏసుకుంట. నీళ్లు పోవు."

"వద్దు."

ఆ 'వద్దు' మరీ తొందరగా వచ్చింది. అది ఆయనకు కూడా తెలిసింది. వెంటనే నవ్వు పూసుకున్నాడు. "అంటే, ఫ్యామిలీతోని పోయి ఫోన్ గీక్కుంట కూసుంటె ఏం మజా ఉంటది చెప్పు?"

"పిల్లలు తప్పిపోతె?"

"మైకుల పిలుస్తరు."

"ఇంటి కాడ ఏమన్న అయితె?"

"ఇంటి కాడ ఏమైతది? నేనుంట గదా."

అప్పటిదాకా ఆ మాట బయటికి రాలేదు. పద్మలత మెల్లగా అడిగింది. "మీరు వస్తలేరా?"

"నాకెక్కడ కుదుర్తది అమ్మా? రిజిస్ట్రేషన్లున్నయి."

"అక్క?"

గుమ్మంలో సరస్వతి నడుం పట్టుకుంది. ఇప్పుడే నొప్పి పుట్టినట్టుంది. "నా నడుము ముచ్చట ఎరుకే గదా నీకు."

"మరి మీ పిల్లలు?"

"వాళ్లకు కోచింగ్."

అంటే పిలిచినవాడు రాడు. ఆయన భార్య రాదు. ఆయన పిల్లలు రారు. పోవాల్సింది ఎవరంటే తమ్ముడు, తమ్ముడి పెళ్లాం, వాళ్ల బిడ్డ, ములుగు చెల్లె, మోకాళ్లు వంగని ముసలి తల్లి. ఇది ఏ రకం ఫ్యామిలీ టూరో రాజమౌళి చూసిన వీడియోల్లో కూడా ఉండదు.

"ఎప్పుడన్నా పోయేది?" అని అడిగింది రమ. ఆమెకు ఇవేవీ పట్టలేదు. బండి కిటికీ పక్క సీటు మీదే ఉంది ఆమె ధ్యాస.

"దినం గూడ ఆలోచించే పెట్టిన. ఆదివారం పోతె కాలు వెట్ట జాగ ఉండదు. బుధవారం పోతరు."

రమ వేళ్లు మడిచింది. ఆమె మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. "అన్నా, బుధవారం అమాస గదా?"

రమ అన్న వైపు తిరిగింది.

"అమాస నాడు పిల్లను ఏస్కొని పయనమా? అదిగూడ నీళ్లల్లకా?"

రాజమౌళి ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నవాడిలాగా తొడ మీద చరిచాడు. "అందుకే నిన్ను పిచ్చిదాననేది. అమాస నాడు ఎవడన్న పయనమైతడా? కాడు. ఎవడు ఇల్లు కదలడు. పార్కు మొత్తం మనదే. అమావాస్య నాడు రష్ ఉండదు! గిది యూట్యూబుల గూడ ఎవడు చెప్పని టిప్పు. నా సొంతది."

"అవ్వో! నిజమే గదన్నా," అంది రమ. అన్న తెలివికి ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

పద్మలత మాత్రం ఆయన చేతి వేళ్లకున్న ఉంగరాల వైపు చూసింది. శనికి ఒకటి, రాహువుకు ఒకటి. ఈయన కొత్త కారు కొన్న రోజు షోరూములో ఎవడో తుమ్మితే తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాడు. పద్మలతకు నొప్పులు మొదలైన పొద్దు, అదే కారును రాహుకాలం పోయేదాకా బయటికి తీయనన్నాడు. సారిక దవాఖానలోనే పుట్టిందంటే ఆ పుణ్యం ఆటో డ్రైవర్‌ది. అట్లాంటి మనిషి అమావాస్య నాడు కన్నతల్లిని, తమ్ముడి బిడ్డను నీళ్లలోకి పంపిస్తున్నాడు. రష్ ఉండదని.

"బావా, అమాస నాడు అత్తమ్మ రాదు గదా," అంది పద్మలత. "చెలకల మామ గోరి కాడికి పోవాలె."

ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్లందరికీ ఇది తెలుసు. ధర్మసాగర్ చెరువు కట్ట దిగితే అత్తమ్మ రాజక్క చెలక, మెట్ట భూమి. పంపకాలప్పుడు పెద్దమనుషులు కూర్చుని, రాజక్క బతికినన్ని రోజులు ఆ చెలక రాజక్కదే అన్నారు. అందులో వేపచెట్టు కింద ఆమె భర్త రాయమల్లు సమాధి. ప్రతి అమావాస్యకు రాజక్క దాని మీద ముద్ద పెట్టి వచ్చాకే తాను తింటుంది. వాన పడినా, జ్వరం వచ్చినా. సమాధి పక్కన ఇంకో మనిషికి సరిపడా జాగా వదిలేశారు. ఆ జాగా కోసమే ముసలామె బతుకుతోందని ఊరంతా అనుకుంటుంది.

"ఒక్క అమాస తప్పితె ఏమైతది? బాపు ఏమన్న లేచి వచ్చి అడుగుతడా?" అన్నాడు రాజమౌళి. 'లేచి' అన్న దగ్గర మాట కొద్దిగా వణికింది.

"ఆ పై బుధవారం పోదాం. అప్పుడు అమాస ఉండదు, అప్పుడు గూడ రష్ ఉండదు. బడికి ఇంక సెలవులే."

"బండి మాట్లాడిన. టికెట్లు అయినయి. ఇగ మారది."

"పద్మా, గంత అడుగుడేంది?" రమ విసుక్కుంది. "చదువుకున్నోళ్లకు దేంట్లనన్న పురుగే కనవడ్తది. మా అన్న ప్రేమతోని పిలిసిండు. నోరు మూస్కొని పోయొస్తె ఏమాయె?"

"ఇగ చాలు పద్మా," అన్నాడు మధు. నేల వైపు చూస్తూ అన్నాడు.

"అవునవును, చాలు," అంది సరస్వతి. "పద్మా, జర అందరికి చాయ్ పెట్టుకరాపో. నేను వంగలేను."

పద్మలత వంటింట్లోకి పోయింది. పాలు పొయ్యి మీద పెట్టి చక్కెర కోసం చూసింది. డబ్బాలో అడుగంటింది. పక్కనున్న స్టోర్ రూములో ఉంటుందేమోనని పరదా జరిపింది.

కింద, బియ్యం బస్తా పక్కన, కొత్త కుండ ఉంది. మూతికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. పక్కన మడత విప్పని తెల్లబట్ట, పసుపు, నిమ్మకాయలు, నువ్వుల పొట్లం, దర్భలు. ఇంట్లో ఏ పండగకూ ఇవన్నీ ఒక్కచోట చేరవు. పద్మలత తండ్రి పోయినప్పుడు, మూడో రోజు ఆమె అన్న ఇట్లాంటి కుండతోనే కాటికి పోయాడు. తెల్లబట్ట మీద ఒక్కొక్క ఎముకనే ఏరి, పాలతో కడిగి, కుండలో వేసుకొని వచ్చాడు. ఆ కుండను ఇంట్లోకి రానివ్వరు. చెట్టుకు వేలాడదీస్తారు.

వెనక సరస్వతి వచ్చి నిలబడింది. నడుం నొప్పి ఉన్న మనిషి ఇంత గబగబా ఎట్లా వచ్చిందో.

"గది... గది పార్కుకే. పెరుగన్నానికి. మట్టికుండల సల్లగుంటదని మీ బావ తెచ్చిండు."

"బయటి తిండి ఒక్క ముద్ద లోపలికి పోదని ఇప్పుడే చెప్పిండు గదక్కా బావ."

సరస్వతి పరదా మళ్లీ మూయబోయింది. అబద్ధం చెప్పే ముందు భర్త ఏం చెప్పాడో వినే అలవాటు ఆమెకు లేదు. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. పద్మలత గ్యాస్ కట్టేసి, కుండను రెండు చేతులతో ఎత్తుకొని హాల్లోకి నడిచింది. తెచ్చి రాజమౌళి ముందర టీపాయ్ మీద పెట్టింది.

రాజమౌళి కాళ్లు రెండూ సోఫా మీదికి లాక్కున్నాడు. పామును చూసినవాడు కూడా అంత తొందరగా లాక్కోడు.

"తియ్! నడింట్ల వెడ్తవా దాన్ని? తియ్ ముందు!"

"ఎవరి కోసం బావా ఈ కుండ?"

"తీసి బయట వెట్టు, చెప్త."

"చెప్పు, తీస్త."

ఇన్నేళ్లలో పద్మలత ఆయనను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. రాజమౌళికి అది కూడా పట్టలేదు. కుండ వైపే చూస్తున్నాడు. చివరికి సోఫా వీపుకు అతుక్కుపోయి, మొహం పక్కకు తిప్పుకొని చెప్పాడు.

"సరే. ఎట్లన్న తెలిసేదే. చెలక కొనే పార్టీకి ఇస్తున్న. చుట్టు వెంచర్ వచ్చింది, మధ్యల అదొక్కటే మిగిలింది. గోరి ముంగట ఎవడు ప్లాటు కొంటడు? బుధవారం పూజకు అయ్యగారు వస్తడు, జేసీబీ వస్తది. మర్యాదగ తీపిచ్చి, కాళేశ్వరంల కలిపిస్త. తప్పేమున్నది? ఎండకు ఎండి, వానకు నాని పడి ఉన్నడు బాపు. గంగల కలుస్తడు. మంచి పనే."

"మంచి పనైతె దొంగతనంగ ఎందుకు?"

"అవ్వ ఒప్పుకుంటదా?"

"అది అత్తమ్మ చెలక."

"అవ్వ తర్వాత ఎవలది? మాదే గదా. జర ముందుగాల తీసుకుంటున్నం, అంతే."

ఆ 'జర'లో ఒక ముసలామె మిగిలిన బతుకంతా ఉంది. తల్లి చావును ఆయన ఆఫీసులో పెండింగ్ పనిలాగా చెప్పాడు.

"అమాస నాడే ఎందుకు? అత్తమ్మ అక్కడికి పోయేది అదొక్క దినమే. వేరే ఏ దినమన్న తవ్వుకుంటె నీకు ఈ పార్కు ఖర్చు గూడ తప్పేది గదా."

రాజమౌళి గొంతు తగ్గింది. "అమాస తప్ప వేరే దినం ముట్టుకుంటె ఇంటి పెద్దకొడుకుకు గండమని అయ్యగారు చెప్పిండు."

పద్మలతకు నవ్వు వచ్చింది. కోపం రావాల్సిన చోట నవ్వు వచ్చింది. ఇంత పెద్ద మోసం చేయబోయే మనిషి, అందులో కూడా తన ప్రాణం ఒక్కటి భద్రంగా చూసుకున్నాడు. అమావాస్య నాడు తవ్వితే తనకు గండం లేదు. అదే అమావాస్య నాడు సారిక నీళ్లలో దిగితే ఏమైనా, అది సారిక జాతకం. పిరికివాడికి కుట్ర చేయాలన్నా పంచాంగం కావాలి.

"థూ," అంది. ఉమ్మలేదు, మాట మాత్రమే అంది. "తండ్రిని దొంగతనంగ తవ్వేటందుకు తల్లిని జారుడుబండ కాడ కూసోవెడ్తవా? పైంగ ఫోన్లు లాకర్ల వెట్టుమంటవా, ఊరోళ్లు చూసి చెప్తరని? టిప్పులట, టిప్పులు!"

"నోరు జారకు పద్మా!"

"జారేటియి అన్ని నువ్వే పెట్టినవ్ గదా."

రమ అప్పటికి అర్థం చేసుకొని ఏడుపు అందుకుంది. "అయ్యో బాపూ, నీకు గోరిల గూడ నిమ్మళం లేకపాయెనా..." అని రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంది. మధ్యలో ఆగి, ముక్కు తుడుచుకొని అడిగింది. "పార్టీ ఎవలన్నా? మనోళ్లేనా?" మళ్లీ ఏడుపు ఎక్కడ వదిలిందో అక్కడ అందుకుంది.

పద్మలత మొగుడి వైపు తిరిగింది. ఈ గదిలో ఆమెకు ఉన్న ఒకే ఒక్క మనిషి ఆయన. "వింటాన్నవా? మీ అన్న ఏమంటాండో వింటాన్నవా?"

మధు ప్లాస్టిక్ కుర్చీ చేతిని గోరుతో గీకుతున్నాడు.

"మాట్లాడవేంది?"

గుమ్మంలో నుంచి సరస్వతి నవ్వింది. "ఆయనేం మాట్లాడ్తడు? వాటా ముచ్చట్లు అయినప్పుడు ఈడనే కూసున్నడు. ఆ కుర్చీలనే."

పద్మలత మధు కుర్చీ దగ్గరికి నడిచింది. "నీకు ఎరుకేనా?"

"అన్న ఒప్పిచ్చిండు పద్మా... ఎట్లన్న తీసేదే కదా అని... సారిక గూడ ఎన్నిరోజుల సంది అడుగుతాంది, ఒక్కసారన్న పార్కు చూస్తదని..."

"బిడ్డ పేరు తియ్యకు." గొంతు పెంచకుండా చెప్పింది. "తండ్రి గోరిల బొక్కలిచ్చి బిడ్డకు జారుడుబండ కొన్నవా? రేపు అది పెద్దగై అడిగితె ఏం చెప్తవ్? మీ తాత మీద నిన్ను జార్పిచ్చిన అని చెప్తవా?"

మధు తల ఎత్తలేదు. పద్మలత పదేళ్లుగా ఆయన మౌనాన్ని మంచితనం అనుకుంది. ఆమె చదివిన చదువు అంతా ఈ ఒక్క విషయంలో పనికి రాలేదు.

"సరే, వినుండ్రి అందరు," అంది. "నా బిడ్డ మీ పార్కుకు రాదు. ఏడిస్తె ఏడ్వనీ, నేను ఓదార్చుకుంట. బుధవారం పొద్దుగాల నేను, నా బిడ్డ చెలకల ఉంటం. ఆ గోరి మీదనే కూసుంటం. నీ జేసీబీని తెచ్చుకో, నీ అయ్యగారిని తెచ్చుకో. ముందు మమ్మల్ని తీసి, తర్వాత మామను తియ్."

"బెదిరిస్తున్నవా?" రాజమౌళి కాళ్లు ఇంకా సోఫా మీదే ఉన్నాయి. కాళ్లు పైన పెట్టుకొని గద్దించడం అంత సులువు కాదు. "మీ అయ్య కూలికి పోయి చదివిచ్చిన చదువు గింత నోరు నేర్పిందా నీకు?"

"అవును. మా అయ్య కూలికే పోయిండు. పోయినంక ఆయనను మేమెవ్వరం అమ్ముకోలే."

లోపలి అర్ర తలుపు కిర్రుమంది.

రాజక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో ఎవరికీ తెలియదు. రమ ఏడుపు ఆగిపోయింది. సరస్వతి కొంగు సర్దుకుంది. రాజమౌళి మొదటిసారి కాళ్లు కిందికి దించాడు.

"అవ్వా, నువ్వు లేచినవా? ఏంలేదు, పార్కు ముచ్చట్లే. పండుకో పో."

రాజక్క గడప దాటింది. గోడ పట్టుకొని ఒక్కొక్క అడుగే వేస్తూ టీపాయ్ దగ్గరికి వచ్చింది. వంగలేక వంగి, సంతలో కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు వేలి కణుపుతో కుండను రెండుసార్లు కొట్టి చూసింది. ఖంగుమంది.

"గట్టిదే," అంది. "కని చిన్నగున్నదిరా మౌళీ. మీ బాపు మనిషి పెద్దోడు. గిండ్ల పట్టడు."

ఆ మాటలో ఏడుపు లేదు. కోపం కూడా లేదు. కాలికి అంటిన బురదను గడప దగ్గర గీకి వదిలేసినట్టు అంది.

పద్మలత పోయి ఆమె చేయి పట్టుకుంది. "భయపడకుండ్రి అత్తమ్మా. మామ గోరిని ఎవ్వరు ముట్టకుంట నేను చూస్త. మీ జాగ మీకే ఉంటది, ఆయన పక్కన."

రాజక్క కోడలి మొహంలోకి చూసింది. తర్వాత ఆమె చేతిని మెల్లగా తట్టింది.

"నా జాగ మీ మామ పక్కనే బిడ్డా. కని అది ఆ చెలకల లేదు."

"అంటే?"

"ఆ గోరి మీ మామది గాదు."



"ఏం మాట్లాడ్తానవ్ అవ్వా?" రాజమౌళి సగం లేచి నిలబడ్డాడు. "మేము పూడ్సినం గదా! కరోనాల పట్నం దవాఖాన కెల్లి అంబులెన్సుల వస్తె, నేను, తమ్ముడు దగ్గరుండి..."

"దగ్గరుండిరా?" రాజక్క అతని వైపు తిరిగింది. "మీరు చెరువు కట్ట మీద నిలవడ్డరు. ఇద్దరు. మూతులకు గుడ్డలు కట్టుకొని. తెల్ల అంగీలోళ్లు దించుతాంటె మీరు కట్ట మీదికెల్లి ఫోన్ల చూస్తిరి. ఏడుసుడు గూడ ఫోన్లనే ఏడ్సిండ్రు. 'ఆఖరు సూపు ఎవలన్న చూస్తరా' అని ఆ తెల్ల అంగీల పోరడు మూడుమాట్ల అడిగిండు. ఒక్కడన్న దిగి వచ్చినాడురా? నేనొక్కదాన్నే పోయిన. ఆ నల్ల సంచి మూతి తీపిచ్చి చూసిన."

మధు కుర్చీలో నుంచి లేచాడు.

"ఎవలో అయ్య. గడ్డం నెరిసిన మనిషి. ఏ తల్లి కన్న కొడుకో. కాదు అంటె ఆయనను మళ్ల బండ్ల ఏస్కపోయి ఏడ పారేస్తరో అని, నోరు మూసుకున్న. దిక్కులేని పీనుగ కావద్దని పూడ్పిచ్చిన. అమాసకు అమాస ముద్ద వెట్టేది గూడ గందుకే. ఆయనోళ్లు ఎవలన్న అడిగితె, పెట్టినమమ్మా అని చెప్పాలె గదా."

రాజమౌళి మళ్లీ సోఫాలో కూలబడ్డాడు. ఏ ఎముకలకు భయపడి అమావాస్యను చూసుకున్నాడో, ఏ ఎముకలను అమ్ముకోబోయాడో, అవి ఎవరివో కూడా ఆయనకు తెలియదు.

"మరి బాపు?" మధు గొంతు పిల్లవాడి గొంతులాగా వచ్చింది. "మరి మన బాపు ఏడీ అవ్వా?"

రాజక్క చిన్నకొడుకును కింది నుంచి మీది దాకా చూసింది.

"గీ మాట అడుగనీకి గిన్నేండ్లు పట్టిందారా నీకు."

రమ మోకాళ్ల మీద ముందుకు జరిగి తల్లి కొంగు పట్టుకుంది. "బతికున్నడా అవ్వా? చెప్పే! బాపు బతికున్నడా?"

రాజక్క కొంగు విడిపించుకుంది. పద్మలత భుజం మీద చేయి వేసి గడప వైపు కదిలింది.

"చెప్పులు ఏస్కో బిడ్డా. బుధవారం దాక ఎందుకు, ఇప్పుడే బండి తియ్యమను. మీ మామ ఏడున్నడో చూపిస్త. వీళ్లు వస్తె వస్తరు, రాకుంటె ఈ కట్ట మీదనే నిలవడనీ."